అరువు ఏడుపు

మైలాపూరు, మద్రాసు
8-1-1956

భాష్యం మామకు,

ఈ చేతిరాత మీకు తెలియదు. నేను బాలసరస్వతిని, మీ అక్క చూడామణి కూతుర్ని. మీరు నన్ను చూసినప్పుడు నాకు ఏడాది కూడా నిండలేదట. కాబట్టి గుర్తుపట్టలేదని మీరు నొచ్చుకోవద్దు, గుర్తులేరని నేనూ నొచ్చుకోను. మీ అడ్రసు నాన్న పాత డైరీలో దొరికింది. ఇంకా గూడూరులోనే ఉన్నారో లేదో తెలియదు. అంతా పోస్టుమాను దయ.

నాన్న పోయిన సంగతి మీకు ఎవరో చెప్పే ఉంటారు. రెండేళ్లు కావస్తోంది. ఆ రోజు అమ్మ ఏడవలేదు. ఒక్క చుక్క లేదు. వచ్చినవాళ్లకు చాపలు వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, నాన్న తల సరిగ్గా దక్షిణానికి లేదని సర్దించింది. "ఏం గుండె తల్లీ" అని పక్కింటివాళ్లు గొణుక్కున్నారు. నేను మాత్రం మా అమ్మ ధైర్యానికి గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత అమ్మ గొంతు తగ్గుతూ వచ్చింది. మొదట బొంగురు, తర్వాత గుసగుస, పోయిన వినాయక చవితి నాటికి అదీ లేదు. ముగ్గురు డాక్టర్లు నోరు తెరిపించి లైటు వేసి చూశారు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. ఇప్పుడు మా ఇంట్లో మాటలన్నీ పలక మీదే. నేను బడిపంతులమ్మను కాబట్టి పలకలకూ బలపాలకూ కొదవలేదు. "ఉప్పు తక్కువ." "కుచ్చిళ్లు సరిగా పెట్టుకో." "బస్సు పోతుంది." ఇంతే. అమ్మ గొంతు ఎట్లా ఉండేదో మర్చిపోతానేమోనని నాకు భయంగా ఉంది మామా. పొద్దున లేవగానే గుర్తు చేసుకుంటాను, ఇంకా ఉందా లేదా అని.

ఇప్పుడు పురసవాక్కంలో డాక్టర్ జయరామ్ అని, అమెరికాలో చదివి వచ్చిన ఆయన దగ్గరికి తీసుకెళుతున్నాను. ఆయన మందులివ్వడు. నాటకం వేయిస్తాడు. నిజంగానే! మంగళవారం, శనివారం అమ్మ చేత కూడా వేయిస్తున్నాడు. నిన్న ఒక ఖాళీ కుర్చీ తెచ్చి అమ్మ ముందు వేసి, "దీంట్లో ఎవరు వచ్చి కూర్చుంటే మీకు మాట్లాడాలనిపిస్తుందమ్మా?" అని అడిగాడు. నాన్న పేరు రాస్తుందనుకున్నాను. అమ్మ పలక మీద "భాష్యం" అని రాసింది. రాసి, వెంటనే చెరిపేసింది.

మీ ఇద్దరి మధ్య ఏం జరిగింది? మా ఇంట్లో మీ పేరు వినపడేది కాదు. మీరు నాటకాల్లో ఆడవేషాలు వేసేవారని మాత్రం నాకు తెలుసు. దాచకుండా రాయండి.

జవాబు కోసం గుమ్మంలో కూర్చున్నట్టే ఉన్న,
బాల


గూడూరు
12-1-1956

నా తల్లీ బాలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి హార్మోనియం శ్రుతి పెట్టుకుని గట్టిగా చదివాను, నవ్వకు. ఇరవై అయిదేళ్ల తర్వాత మా అక్క తన చేత్తో నా పేరు రాసిందంటే, నాకు వచ్చిన పతకాలన్నీ దాని ముందు రేకుముక్కలే. చెరిపితే చెరిపింది. రాసింది కదా!

అక్కకు గొంతు పోయిందని చదివి కూలబడ్డాను. వెంకటగిరిలో మా చిన్నప్పుడు ఆమె ఒక్క పిలుపు పిలిస్తే మూడు వీధుల అవతల గోలీలాడుతున్న నేను ఆట వదిలేసి పరిగెత్తేవాణ్ణి. అట్లాంటి గొంతు! అయితే ఆమె చేత నాటకం వేయిస్తున్నారన్న చోట లేచి కూర్చున్నాను. ఎవరమ్మా ఆ డాక్టరు, ఆయనకు సాష్టాంగ నమస్కారం. రంగస్థలం ఎక్కితే పోని జబ్బు లేదని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. ముఖానికి అర్దళం పూసుకోగానే నా జ్వరం దిగిపోయిన రోజులున్నాయి.

ఇంతకీ ఏ నాటకం? అక్కది ఏ వేషం? పద్యాలెన్ని? గొంతు లేదు కాబట్టి తెర వెనక నుంచి ఇంకెవరైనా పాడతారా? అట్లయితే పెదవులు కదపడం మాత్రం తప్పకూడదు, జనం ఈల వేస్తారు. మా కంపెనీ మూతపడ్డాక నేను బడిపిల్లల నాటకాలకు వేషాలు అద్దెకిచ్చి బతుకుతున్నాను. రైలు పార్సెల్‌లో ఒక రేకు పెట్టె పంపుతున్నాను. అందులో పొడుగు సవరం, అర్దళం డబ్బా, గిల్టు వడ్డాణం, నా రాణివేషం కిరీటం ఉన్నాయి. కిరీటం జాగ్రత్త. నాలుగో రాయి ఊడి వస్తుంది, మైదాపిండి ఉడికించి అంటించాలి.

మా మధ్య ఏం జరిగిందని అడిగావు. ఏం జరుగుతుంది! మీ నాన్న శేషాచలం గారు హార్బరు ఆఫీసులో గుమాస్తా, పెద్దమనిషి. బావమరిది చీర కట్టుకుని ఊరూరా తిరగడం ఆయనకు నామోషీ అయింది. అక్క మొగుడి మాట వింది. ఆయన పోయిన మనిషి, నేనేమీ అనను. అన్నాననే అనుకో.

మొదటి ఆట ఎప్పుడో ముందుగా రాయి. ముందు వరసలో ఒక కుర్చీ నాకు అట్టిపెట్టు.

తెర లేచేదాకా ఓపిక పట్టలేని
నీ మామ, భాష్యం


మైలాపూరు
22-1-1956

నాటకాల మామకు,

ముందు వరస లేదు మామా. వెనక వరసా లేదు. టిక్కెట్లు, తెర, హార్మోనియం ఏవీ లేవు. పెట్టె వచ్చింది. అది తెరిచి నేను నవ్విన నవ్వుకు అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. కిరీటం చూడగానే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇది అట్లాంటి నాటకం కాదు. డాక్టరు దీన్ని సైకోడ్రామా అంటాడు. మేడమీద హాల్లో పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. "ఈడ చూసేవాళ్లు ఎవురూ లేరమ్మా, అందరూ ఆడేవాళ్లే" అని ఆయన మొదటి రోజే చెప్పాడు. కథ ఎవరిది వాళ్లదే. అత్తతో పోట్లాట అయితే ఇంకొకరు అత్తగా నిలబడతారు. ఇంట్లో అనలేని మాట ఇక్కడ అనేయవచ్చు. తర్వాత అసలు తమాషా ఏమిటంటే, ఇద్దర్నీ చోట్లు మార్చుకోమంటాడు. చేపలమ్మే పాప్పాత్తి అని ఒకామె వస్తుంది, ఆమె నోటికి తలుపుల్లేవు. ఒకరోజు తన అత్త వేషం తనే వేసి, తనను తనే అరగంట తిట్టుకుని, నడిమధ్యలో ఆగిపోయి, "అయ్యో, ఆ ముసలిదానికీ కాళ్లు నొప్పులు ఉంటాయి గదా" అంది. ఆ రోజునుంచి నాకు ఈ వైద్యం మీద గురి కుదిరింది.

ఇప్పుడు మీ సంగతి. ఆ ఖాళీ కుర్చీలో మీరై కూర్చున్నది కాంపౌండరు ఆరోగ్యసామి. వాషర్‌మెన్‌పేట మనిషి, బొద్దుమీసాలు, మంచివాడు. పాప్పాత్తి మా అమ్మ వెనక నిలబడి, అమ్మ మనసులో మాట ఊహించి అమ్మ బదులు చెప్పాలి. ఆమె, "ఏరా భాష్యం, నా సీమంతానికి ఎందుకు రాలేదురా?" అని మొదలుపెట్టింది. అమ్మ కాదని తల అడ్డంగా ఊపింది. "నా మొగుణ్ణి ఏమన్నావురా?" అంది. అదీ కాదంది. ఈలోగా ఆరోగ్యసామి, నాటకాల మనిషి కదా అని ఊహించి, మీరు తాంబూలం వేసుకుంటున్నట్టు ఎడమచెయ్యి నోటి దగ్గరికి తెచ్చాడు. అమ్మ లేచి వెళ్లి ఆ చెయ్యి దించి, కుడిచెయ్యి ఎత్తింది! పెదవులు కూడా కదిలాయి, మాట రాలేదు గానీ. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "తప్పు చూస్తే ఈయమ్మ ఊరుకోలేదు. మనకు అదే దారి" అన్నాడు. అది నిజమే మామా. మా అమ్మ పక్కింటివాళ్ల ముగ్గులో చుక్క తప్పితే కూడా వెళ్లి దిద్ది వస్తుంది.

ఇంకొక మాట. నాన్నకు నామోషీ అని రాశారు. నాకు గుర్తున్నంతవరకు నాన్న రెండుమూడుసార్లు మీ పేరు ఎత్తారు. లేచి వెళ్లిపోయింది అమ్మే.

ఆరోగ్యసామి అడుగుతున్నాడు, మీరు ఎట్లా కూర్చుంటారు, ఎట్లా నడుస్తారు, ఎట్లా మాట్లాడతారు అని. ఆయనకు తెలుగు చదవడం రాదు, నేను చదివి వినిపిస్తాను. వివరంగా రాయండి.

మీ ప్రేక్షకురాలు కాని,
బాల


గూడూరు
27-1-1956

అమ్మా బాలా,

కాంపౌండరా! మీసాలతోనా! ఇరవై అయిదేళ్లు స్త్రీపాత్రల కోసం రోజుకు రెండుసార్లు గడ్డం గీసుకున్న భాష్యం వేషం బొద్దుమీసాల మనిషి వేయడమా? ఇప్పుడు నాకూ మీసం ఉందనుకో, కంపెనీ పోయాక పెంచాను, అది వేరే సంగతి. అక్క ఎరిగిన భాష్యానికి లేదు. ఆయన మీసం తీయకపోతే కనీసం అరచెయ్యి అడ్డం పెట్టుకోమను.

సరే, రాసుకోమను. నేను కూర్చుంటే ఒక మోకాలు పైకి, ఒకటి కిందికి. మాట్లాడేముందు ఒకసారి గొంతు సవరించుకుంటాను, అవసరం లేకపోయినా. నడకలో ఎడమ భుజం కొంచెం ముందుంటుంది, ఎందుకంటే చిన్నప్పటినుంచి అక్క నన్ను ఆ చెయ్యి పట్టుకునే లాక్కుపోయేది. అక్కను "అక్క" అని మామూలుగా అనను, "అక్కో" అని సాగదీస్తాను. ఈ ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే చాలు, మా అక్క కరిగిపోతుంది.

ఇంకొకటి చెప్పకపోతే నా కథ పూర్తి కాదు. నా రాణి ఏడుపు. కొడుకు పోయిన రాణి. రాజమండ్రి నుంచి మద్రాసు దాకా జనం ఆ ఏడుపు కోసమే వచ్చేవాళ్లు. అందరూ ఆ చోట పద్యం ఎత్తుకుని రాగం తీస్తారు. నేను పద్యం వదిలేశాను. నేలమీద చతికిలబడి, ఎడమచేత్తో కొంగు పిడికిట్లో నలిపి, కుడిచేత్తో మెల్లగా మూడుసార్లు నేలను తట్టి, రాణిలా కాదు, మన పక్కింటి ఆడమనిషిలా, "నీళ్లు చల్లారిపోతా ఉండాయి, లేరా నాయనా" అనేవాణ్ణి. అంతే. హాల్లో ఒక్కరి కళ్లు పొడిగా ఉండేవి కావు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీ అమ్మకు తెలుసు. ఆమెకు నేను పెట్టిన దండం అనుకో.

మొదటి ఆట నెల్లూరులో. మీ అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సరిగ్గా ఆ ఘట్టంలోనే లేచి వెళ్లిపోయింది. నువ్వు ఏడ్చి ఉంటావు. నెలల పిల్లప్పుడే నీకు నాటకం గిట్టలేదన్నమాట.

మీసం సంగతి మరవద్దు.

అవమానపడ్డ,
భాష్యం


మైలాపూరు
5-2-1956

భాష్యం గారికి,

మీ ఉత్తరం ఆరోగ్యసామికి మొత్తం చదివి వినిపించాను. బుద్ధి లేక చదివాను.

నిన్న ఆయన మీరు రాసినట్టే కూర్చున్నాడు. "అక్కో" అని సాగదీశాడు. అమ్మ నవ్వింది. మామా అని రాయబోయి ఆపుకుంటున్నాను, అమ్మ నవ్వి ఎన్నాళ్లయిందో మీకు తెలియదు. ఆ నవ్వు చూసి ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఆ ఏడుపు కూడా చేసి చూపిస్తే ఇంకా నవ్వుతుందనుకున్నాడు పాపం. నేలమీద కూర్చుని, తువ్వాలు నలిపి, మూడుసార్లు తట్టి, ఆ మాట అన్నాడు.

అమ్మ ముఖం నేను ఎన్నడూ అట్లా చూడలేదు. లేచి, కుర్చీ తోసేసి, మెట్లు దిగి రోడ్డు మీదికి పోయింది. నేను వెంటపడి పట్టుకున్నాను. ఇంటికొచ్చాక పలక తీసుకుని, "అది నా ఏడుపు" అని రాసింది. బలపం విరిగింది. ఇంకో బలపం ఇచ్చాను. "వాణ్ణి తిరిగి ఇచ్చేయమను" అని రాసింది. నిన్నటినుంచి అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ఎవరికి నీళ్లు చల్లారిపోయాయి? ఎవర్ని లేవమంది? ఇరవై ఆరేళ్లు వచ్చాయి నాకు, మా ఇంటి సంగతి నాకు ఎవ్వరూ చెప్పలేదు. మీరు వేడుకగా రాశారు, నేను వేడుకగా చదివాను, అమ్మ నెత్తిన పడింది. చెప్పే ధైర్యం ఉంటే చెప్పండి. లేకపోతే ఇంక ఉత్తరాలు వద్దు.

బాలసరస్వతి


గూడూరు
9-2-1956

బాలా,

నీకు ఒక అన్న ఉండేవాడు. శ్రీనివాస. మేము చీను అనేవాళ్లం. నాలుగేళ్లు నిండలేదు.

వెంకటగిరిలో, మా ఇంట్లోనే. అక్క నిన్ను తీసుకుని పుట్టింటికి వచ్చి ఉంది. చీనుకు అయిదు రోజులు జ్వరం కాసింది. ఆరో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగిందని అక్క సంతోషపడి, ఒళ్లు కడుగుతానని పెరట్లో కాగు కింద పొయ్యి రాజేసింది. నీళ్లు కాగాయి. వాణ్ణి లేపడానికి వచ్చింది.

నేను గడపలో నిలబడి ఉన్నాను. ఇంట్లో అందరూ గొల్లుమన్నారు. నేను ఏడవలేదు బాలా. చూశాను. కొంగు ఏ చేత్తో పట్టుకుందో చూశాను. చెయ్యి ఎన్నిసార్లు తట్టిందో చూశాను. ఆ పిల్లవాడు నా భుజం మీద కూర్చుని ఊరంతా తిరిగినవాడు, నా జడ సవరం తోక అని లాగి నవ్వినవాడు. అయినా నా కళ్లు నేర్చుకుంటూనే ఉన్నాయి. వేషం వేసేవాడి కళ్లు అవి, ఎక్కడా ఆగవు. ఆ మాట నాకు నేను ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాను.

నలభై రోజులకు నెల్లూరులో ఆట. అక్క దిగులుగా ఉంది, కాస్త ఊరట అని నేనే పిలిచాను. ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆమె లేచి వెళ్లింది నువ్వు ఏడ్చి కాదు. నువ్వు నిద్రపోతున్నావు. అది నాకు అప్పుడే తెలుసు.

మీ నాన్న నామోషీ అన్నది నేను కట్టుకున్న కథ. అందులో నాకు ఏ తప్పూ లేని వేషం దొరికింది. ఆయన నాకు రెండుసార్లు ఉత్తరం కూడా రాశారు, వచ్చి మీ అక్కతో మాట్లాడమని. నేను వెళ్లలేదు.

ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఏడవబోయినా, కిరీటం పెట్టుకుని నేను ఎదురుగా ఏడుస్తూ కనిపించి ఉంటాను. సొంత మొగుడు పోయినా ఏడవనివ్వకుండా చేశాను.

తిరిగి ఇచ్చేయమంది. ఎట్లా ఇవ్వాలో నాకు తెలియడం లేదు. మీ డాక్టరు గారిని అడుగు. ఏం చేయమంటే అది చేస్తాను.

భాష్యం


మైలాపూరు
13-2-1956

మామా,

గారు అన్నందుకు క్షమించండి. మీ ఉత్తరం చదివి బడికి సెలవు పెట్టి ఏడ్చాను. చీను పేరు నా పుస్తకం వెనక రాసుకున్నాను. నాకు అన్న ఉన్నాడని ఈ వయసులో తెలిసింది చూడండి.

డాక్టరు మిమ్మల్ని రమ్మంటున్నాడు. క్షమాపణ చెప్పడానికి కాదట, వేషం వేయడానికి. మీ వేషం కాదు. మీరు చూడామణి కావాలి, అమ్మ మీ కుర్చీలో భాష్యమై కూర్చుంటుంది. "ఆయన ఎత్తుకుపోయింది ఆయనే తెచ్చి ఆమె ముందర పెట్టాల. మళ్లీ దెబ్బ తగలొచ్చు, నేను దగ్గరే ఉంటా" అన్నాడు. ఇది వికటిస్తే అమ్మ ఇంక ఎప్పటికీ నోరు తెరవదేమో.

అమ్మను అడిగాను, రమ్మనమంటావా అని. పలక ఒళ్లో పెట్టుకుని పూటంతా కూర్చుంది. చివరికి రాసింది: "మీసం తీసేసి రమ్మను."

శనివారం పద్దెనిమిదో తారీఖు. సెంట్రల్‌లో ఆరోగ్యసామి నిలబడి ఉంటాడు. ఆయన మీసం మీకు గుర్తే కదా.

బాల


మైలాపూరు
20-2-1956

మామా,

ఈ ఉత్తరంలో నిన్ను నువ్వు అంటున్నాను. ఇంతకుముందు కోపంతో గారు అన్నాను, ఇప్పుడు కోపంతో నువ్వు అంటున్నాను. ఎందుకు పారిపోయావు? డాక్టరు నన్ను గది బయట కూర్చోబెట్టాడు. నేను తలుపుకు చెవి ఆనించి, గోళ్లన్నీ కొరికేసుకున్నాను. మొదట నీ గొంతు, తర్వాత మళ్లీ నీ గొంతు. తర్వాత అమ్మ గొంతు! మామా, నేను మర్చిపోలేదు. ఒక్క ముక్క వినగానే అది అమ్మేనని తెలిసింది. ఆ తర్వాత లోపల ఏడుపు. అమ్మ బయటికి వచ్చేసరికి నువ్వు వెనక మెట్లు దిగి సెంట్రల్‌కు వెళ్లిపోయావని ఆరోగ్యసామి చెప్పాడు. ఇంటికి వస్తావని నేను పప్పుచారు పెట్టి, వడియాలు వేయించి ఉంచాను.

అమ్మ మాట్లాడుతోంది. బొంగురుగా, నాలుగు మాటలకు ఒకసారి ఆగి. ఇంటికి వచ్చాక నాన్న కుర్చీ దగ్గర కూర్చుని మళ్లీ ఏడ్చింది. నిన్న ఆదివారం పొద్దుననుంచి సాయంత్రందాకా కాస్సేపు ఏడవడం, కాస్సేపు నా తల దువ్వడం, కాస్సేపు చీను సంగతులు చెప్పడం. పలక కడిగి అటక మీద పెట్టేసింది. లోపల ఏం జరిగిందని అడిగితే మాత్రం "వాణ్ణే అడుగు" అంటోంది.

డాక్టరు ఒక్కటే చెప్పాడు, నువ్వు ఆ ఏడుపు తప్పుగా ఏడ్చావని, అమ్మ దిద్దిందని. నాకు అర్థమైంది. తప్పు చూస్తే అమ్మ ఊరుకోదని నేను రాశాను కదా, అందుకని కావాలనే తప్పు చేశావు. నీ జన్మలో అంత గొప్ప నటన ఇంకోటి ఉండదు మామా. అటువంటిది చేసి, చప్పట్లకు కూడా ఆగకుండా పోతావా?

వడియాలన్నీ తనే తినేసిన,
బాల


గూడూరు
24-2-1956

తల్లీ,

కావాలని కాదు.

నువ్వు అట్లా అనుకుంటే నాకు గౌరవమే, ఊరుకుందామని రెండు రోజులు ఆలోచించాను. కానీ ఇంక నాకు రాని వేషాలు వేయదలుచుకోలేదు. రెండు వందల ఆటలకు పైగా ఒక్కసారీ తప్పని ఏడుపు, ఆ రోజు తప్పిపోయింది.

అక్క కుర్చీలో కూర్చుంది, ఒక మోకాలు పైకి, ఒకటి కిందికి, అచ్చం నా మాదిరి. నేను నేలమీద కూర్చున్నాను. డాక్టరు ఒక పాత చీర ఇచ్చాడు. కొంగు పట్టుకున్నాను. ఏ చెయ్యో తోచలేదు. తట్టాను. నా గొంతులోంచి రాణి వచ్చింది, బాలా, రాగం తీసే రాణి. నేను ఎప్పుడో వదిలేశానన్న పద్యం వచ్చింది. ఆపి, మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే. సిగ్గుతో చచ్చిపోయాను. మూడోసారి నేలను తట్టబోతుంటే పైనుంచి, తుప్పుపట్టిన గిలక తిరిగినట్టు, "కాదురా" అని వినిపించింది.

నేను తల ఎత్తలేదు.

"కాదురా భాష్యం. అట్లా కాదు. నేను తట్టింది నేలను కాదు. వాడి కాలిని."

గడపలోంచి నాకు చెయ్యే కనిపించింది. చెయ్యి కింద ఏముందో కనిపించలేదు. నిద్రపోయే పిల్లవాణ్ణి లేపేటప్పుడు అక్క ఎప్పుడూ పాదం మీదే తట్టేది. నన్నూ అట్లాగే లేపేది. ఇన్నేళ్లూ ఊరూరా తిరిగి జనం ముందు నేలను తట్టాను, ఎవ్వరూ తప్పు పట్టలేదు. పట్టవలసిన ఒక్క మనిషీ మొదటి రోజే లేచి వెళ్లిపోయింది.

అక్క కుర్చీ దిగింది. నా పక్కన కూర్చుంది. "ఇట్ల" అంది. చూపించబోతోందని తెలిసింది. అప్పుడు నేను గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాను.

కాబట్టి మా అక్క ఎట్లా ఏడ్చిందో నాకు తెలియదు. కొంగు పట్టుకుందో లేదో తెలియదు. ఏమన్నదో తెలియదు. నువ్వు తలుపు బయట విన్నది నాకు ఎప్పుడూ చెప్పవద్దు. నాలుగు రోజులుంటే నా చెయ్యి మళ్లీ నేర్చేసుకుంటుందని భయపడి అట్లా పరుగెత్తాను. వడియాలకు బాధగానే ఉంది.

మెట్లు దిగేటప్పుడు డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి, "మీరూ ఏడస్తా ఉండారు, తెలుసునా?" అన్నాడు. నాకు తెలియలేదు. ఎట్లా ఏడ్చానో చూసుకోలేదు.

భాష్యం


మైలాపూరు
28-2-1956

ఒరే భాష్యం,

బాల నీ జాబు చదివి వినిపించింది. మాట వచ్చినాక కూడా నాకు రాసే పీడ తప్పలేదు చూడు.

నీ రేకు పెట్టె ఈడే ఉండాది. కిరీటం నాలుగో రాయికి మైదాపిండి పెట్టినావే, ఎలకలు కొరికితే ఏం జేస్తావు? లక్కతో అతికించినాను. మీసం మళ్లీ పెంచుకో. అది లేకుంటే చిక్కిపోయినట్టు ఉండావు.

శనివారం రా. ఈసారి ముందు మెట్లమీదనే దిగు. ప్రయాణం చేసి వస్తావు, కాగులో నీళ్లు పెట్టి ఉంచుతా. పండుకుంటే లేపుతాను. లేపంగానే లెయ్యి. నీళ్లు చల్లారనీయొద్దు.

అక్క